భాగం – 7: పూలమొక్కలపై కీటకాలు – గుర్తింపు, నివారణ

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 ఉపోద్ఘాతం
7.2 నష్టాన్ని బట్టి కీటకాన్ని గుర్తించడం
7.3 మొక్కను పరిశీలించే పద్ధతి
7.4 ముఖ్యమైన పూలమొక్కలు – వాటిని ఆశించే కీటకాలు
7.5 మిత్ర పురుగులు
7.6 ఒక వాస్తవ ఉదాహరణ: కొబ్బరి తెల్లదోమ
7.7 నివారణలో అనుసరించవలసిన క్రమం
7.8 మందు చల్లేటప్పుడు జాగ్రత్తలు
7.9 సారాంశం
7.10 ముఖ్యపదాలు
7.11 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు
7.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• మొక్కపై కనిపించే నష్టాన్ని చూసి, దానికి కారణమైన కీటకం ఏ రకానిదో చెప్పగలుగుతారు.
• మల్లె, గులాబి, మందార, నందివర్ధనం, బంతి, చామంతి మొక్కలను ఆశించే ముఖ్యమైన కీటకాలను గుర్తించగలుగుతారు.
• శత్రు పురుగులకు, మిత్ర పురుగులకు మధ్య తేడాను తెలుసుకుంటారు.
• కీటకాన్ని గుర్తించకుండా మందు చల్లితే ఏం జరుగుతుందో ఉదాహరణతో వివరించగలుగుతారు.
• పెరటి తోటకు తగిన నివారణ పద్ధతులను వరసక్రమంలో సూచించగలుగుతారు.

7.1 ఉపోద్ఘాతం

గౌతమీ గోదావరికి ఒక ఒడ్డున కోటిపల్లి, ఎదుటి ఒడ్డున ముక్తేశ్వరం ఉన్నాయి. అయినవిల్లి మండలంలోని ఈ ఊళ్ళో, కోనసీమలోని ఇతర గ్రామాలలో లాగే, పూలమొక్క లేని పెరడు అరుదు. దేవుడి పూజకు మందార, నందివర్ధనం, గన్నేరు, తలలోకి మల్లె, కనకాంబరం, గుమ్మానికి బంతి. కార్తీక మాసం వచ్చిందంటే పూల అవసరం ఇంకా పెరుగుతుంది. ఈ మొక్కలన్నీ ఎక్కువగా కొబ్బరి చెట్ల నీడలో, అరటి పిలకల పక్కన పెరుగుతాయి. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి. తరవాత దీని అవసరం వస్తుంది.

ముక్తేశ్వరంలో అలాంటి ఒక పెరడును ఊహించుకుందాం. నాలుగు కొబ్బరి చెట్లు, వాటి కింద రెండు మందార మొక్కలు, ఒక మల్లె పందిరి, కుండీలలో గులాబీలు ఉన్నాయి. ఒకరోజు మందార ఆకులపై మసి పూసినట్లు నల్లటి పొర కనిపించింది. ఇంటాయన వరి చేనికి తెచ్చి మిగిలిన పురుగుమందును నీళ్ళలో కలిపి మందారపై చల్లాడు. పది రోజుల తరవాత చూస్తే నల్లపొర అలాగే ఉంది. పైగా, అంతకుముందు లేని తెల్లటి పిండినల్లి మందార కొమ్మల చివర్లలో గుత్తులుగా పట్టింది.

మందు కల్తీది కావచ్చునని చాలామంది అనుకుంటారు. మందు మంచిదే అయినా ఇలాగే జరిగేది. పొరపాటు గుర్తింపులో ఉంది. ఆ పొరపాటు ఏమిటో ఈ భాగం పూర్తయ్యేసరికి మీరే చెప్పగలుగుతారు. పూలమొక్కల సస్యరక్షణలో మొదటి పని గుర్తింపు. నివారణ దాని తరవాతి పని.

7.2 నష్టాన్ని బట్టి కీటకాన్ని గుర్తించడం

చాలాసార్లు మనం మొక్క దగ్గరకు వెళ్ళేసరికి కీటకం కనిపించదు. కొన్ని రాత్రివేళ తింటాయి, కొన్ని మొగ్గ లోపల ఉంటాయి, కొన్ని కంటికి ఆననంత చిన్నవి. అయితే ప్రతి కీటకమూ తన నోటి నిర్మాణాన్ని బట్టి మొక్కపై ఒక గుర్తు వదులుతుంది. ఆ గుర్తును చదవడం నేర్చుకుంటే కీటకాన్ని చూడకుండానే దాని రకాన్ని ఊహించవచ్చు.

7.2.1 కొరికి నమిలే కీటకాలు

గొంగళిపురుగులు, పెంకుపురుగులు, మిడతలు ఈ రకానికి చెందుతాయి. ఆకులో రంధ్రాలు, అంచున కొరికిన గుర్తులు, ఈనెలు మాత్రమే మిగిలిన ఆకులు వీటి ఆనవాళ్ళు. మొక్క కింద నేలపై నల్లటి లేదా ఆకుపచ్చటి రెట్టలు రాలి ఉంటే గొంగళిపురుగు సరిగ్గా ఆ పైనే ఉందని అర్థం.

7.2.2 గుచ్చి రసం పీల్చే కీటకాలు

పేనుబంక, తెల్లదోమ, పచ్చదోమ, పిండినల్లి, పొలుసు పురుగులు తమ సూదిలాంటి నోటిని మొక్కలోకి గుచ్చి రసం పీలుస్తాయి. రంధ్రాలు కనిపించవు. ఆకులు పసుపుబారడం, ముడుచుకోవడం, చిగుళ్ళు గిడసబారడం లక్షణాలు. మొక్క రసంలో చక్కెర ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. తమకు కావలసిన మాంసకృత్తుల కోసం ఈ కీటకాలలో చాలా రకాలు రసాన్ని ఎక్కువగా పీల్చి, మిగిలిన చక్కెరను తేనెలాంటి జిగురుగా బయటకు వదులుతాయి. పచ్చదోమలు మాత్రం ఇలాంటి జిగురును అంతగా వదలవు.

ఈ జిగురు వల్ల రెండు పరిణామాలు కలుగుతాయి. మొదటిది, జిగురు కోసం చీమలు వస్తాయి. అవి జిగురునిచ్చే పురుగులకు కాపలా కాసి, వాటిని తినడానికి వచ్చే మిత్ర పురుగులను తరుముతాయి. రెండవది, జిగురు పడిన ఆకులపై నల్లటి శిలీంధ్రం పెరుగుతుంది. దీనినే మసి తెగులు అంటారు. ఈ శిలీంధ్రం ఆకులోకి చొచ్చుకుపోదు. పైపైన పరుచుకొని సూర్యరశ్మిని అడ్డుకుంటుంది. కాబట్టి మసి అసలు రోగం కాదు. ఎక్కడో రసం పీల్చే పురుగు ఉందని అది మనకు తెలుపుతుంది.

7.2.3 గీకి పీల్చే కీటకాలు

తామర పురుగులు చిగుళ్ళ, పూరేకుల పై పొరను గీకి, ఊరిన రసాన్ని పీలుస్తాయి. గీకిన చోట వెండి రంగు మచ్చలు, తరవాత గోధుమరంగు చారలు ఏర్పడతాయి. మొగ్గలు సరిగా విచ్చుకోవు, రేకుల అంచులు మాడినట్లు కనిపిస్తాయి.

7.2.4 లోపల ఉండి తినేవి

మొగ్గ తొలిచే పురుగు, మొగ్గ ఈగ, ఆకు తొలిచే ఈగ మొక్క భాగాల లోపలే ఉంటాయి. ఆకుపై మెలికలు తిరిగిన తెల్లని గీతలు కనిపిస్తే అది ఆకు తొలిచే ఈగ పని. పైన చల్లిన మందు లోపలి పురుగుకు తేలికగా తగలదు. అందువల్ల వీటి విషయంలో సమయం చాలా ముఖ్యం.

7.2.5 నల్లులు కీటకాలు కావు

ఎర్రనల్లికి ఎనిమిది కాళ్ళు ఉంటాయి. అది సాలీడు వర్గానికి చెందిన జీవి, కీటకం కాదు. ఆకు అడుగున సన్నని బూజు వంటి గూడు, పైన సూదిమొనలతో పొడిచినట్లు లేత చుక్కలు దీని లక్షణాలు. ఎన్నో పురుగుమందులు నల్లులపై పనిచేయవు. సింథటిక్ పైరిత్రాయిడ్ల వంటివి నల్లులను తినే మిత్రజీవులను చంపి, నల్లులు మరింత పెరగడానికి దారితీస్తాయి.

7.3 మొక్కను పరిశీలించే పద్ధతి

పరిశీలనకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, ఒక తెల్లకాగితం, ఒక టార్చిలైటు, ఒక నోటు పుస్తకం చాలు. వారానికి రెండుసార్లు, ఉదయం వేళ ఈ క్రమంలో చూడండి.

1. ముందు మొక్కను దూరం నుంచి చూడండి. నష్టం మొక్క అంతటా ఉందా, ఒక కొమ్మకే పరిమితమా? చిగుళ్ళలో ఉందా, ముదురు ఆకులలోనా?
2. ఆకును తిప్పి అడుగు భాగం చూడండి. తెల్లదోమ, పేనుబంక, ఎర్రనల్లి ఎక్కువగా అక్కడే ఉంటాయి.
3. తెల్లకాగితాన్ని పువ్వు కింద పట్టి పువ్వును రెండు మూడుసార్లు తట్టండి. తామర పురుగులుంటే సన్నని పసుపు లేదా నల్లని గీతల్లా కాగితంపై పడి పాకుతాయి.
4. చీమలు బారులు తీరి ఎక్కుతుంటే వాటి వెంట వెళ్ళి చూడండి. ఆ బారు చివర రసం పీల్చే పురుగులు ఉండే అవకాశం ఎక్కువ.
5. నేలపై రెట్టలు, రాలిన మొగ్గలు ఉన్నాయేమో చూడండి.
6. పగలు ఏమీ కనిపించకపోతే రాత్రి ఎనిమిది గంటల తరవాత టార్చితో చూడండి.
7. చివరగా తల పైకెత్తి చూడండి. కోనసీమ పెరట్లో మొక్కకు పైన మరొక చెట్టు ఉంటుంది.

ఆకు పోతే మళ్ళీ చిగురిస్తుంది. మొగ్గ పోతే ఆ పువ్వు పోయినట్లే. అందువల్ల ఆకులపై కొద్దిపాటి నష్టాన్ని సహించవచ్చు కాని, మొగ్గలపై నష్టం కనిపించిన వెంటనే చర్య తీసుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – I
గమనిక: మీ సమాధానాలను నోటు పుస్తకంలో రాసి, భాగం చివర ఇచ్చిన సమాధానాలతో పోల్చుకోండి.
1. మసి తెగులు కనిపించినప్పుడు ముందుగా దేనికోసం వెతకాలి?
2. ఎర్రనల్లిని కీటకం అని ఎందుకు అనలేము?

7.4 ముఖ్యమైన పూలమొక్కలు – వాటిని ఆశించే కీటకాలు

7.4.1 మల్లె

మల్లెలో మొగ్గే పంట. విచ్చుకోకముందే కోసి అమ్ముతారు. కాబట్టి మొగ్గను ఆశించే రెండు పురుగులను జాగ్రత్తగా వేరు చేయాలి. రెండింటి వల్లా మొగ్గలు ఊదారంగుకు తిరుగుతాయి. అందుకే పైకి చూసి పొరబడతారు.

మొగ్గ తొలిచే పురుగు: ఇది నల్లటి తలగల ఆకుపచ్చని చిన్న గొంగళిపురుగు. మొగ్గకు రంధ్రం చేసి లోపలి భాగాలను తింటుంది. పక్కపక్కన ఉన్న మొగ్గలను సన్నని దారాలతో కలిపి గూడు కడుతుంది. మొగ్గపై గుండ్రని రంధ్రం, దాని దగ్గర రెట్ట కనిపిస్తాయి.

మొగ్గ ఈగ: దోమకన్నా చిన్నదైన ఈ ఈగ మొగ్గలలో గుడ్లు పెడుతుంది. కాళ్ళు లేని చిన్న పిల్లపురుగులు మొగ్గ లోపల తింటాయి. మొగ్గ అడుగు భాగం ఉబ్బుతుంది, మొగ్గ ఎదగక ఎండిపోతుంది. మొగ్గ తొలిచే పురుగు చేసినట్లు కొరికిన రంధ్రం, రెట్ట కనిపించవు.

నిర్ధారణకు ఊదారంగు మొగ్గలను ఓ పది కోసి, బ్లేడుతో నిలువుగా చీల్చి చూడండి. గొంగళిపురుగు ఉంటే మొదటిది, కాళ్ళు లేని సన్నని పురుగులు ఉంటే రెండవది. ఈ తేడా ఎందుకు ముఖ్యం? మొగ్గ ఈగ కోశస్థ దశ మట్టిలో గడుస్తుంది. కాబట్టి పొద చుట్టూ మట్టిని గుల్లచేసి ఎండ తగలనివ్వడం, వేపపిండి వేయడం దానిపై పనిచేస్తాయి. మొగ్గ తొలిచే పురుగుపై బి.టి. అనే బాక్టీరియా మందు పనిచేస్తుంది. అదే మందు మొగ్గ ఈగను ఏమీ చేయదు. దెబ్బతిన్న మొగ్గలను ఏరి నాశనం చేయడం మాత్రం రెండింటికీ అవసరమే. వాటిని పొద కిందే పారవేస్తే ప్రయోజనం లేదు.

మల్లె ఆకులను దారాలతో అల్లి, ఈనెలు మిగిల్చి తినే ఆకుగూడు పురుగు కూడా ఉంటుంది. జనవరి చివర చేసే కత్తిరింపులలో దట్టమైన, ఎండిన కొమ్మలను తీసివేస్తే గాలి, వెలుతురు సోకి దీని బెడద తగ్గుతుంది.

7.4.2 గులాబి

తామర పురుగుల వల్ల మొగ్గలు వంకర తిరిగి, రేకుల అంచులు మాడతాయి. పేనుబంక లేత చిగుళ్ళపై, మొగ్గ కాడలపై గుంపులుగా చేరుతుంది. ముదురు కొమ్మలపై ఎర్రటి గోధుమరంగు పొక్కుల్లా అంటుకొని ఉండేవి పొలుసు పురుగులు. గోటితో గీకితే ఊడివస్తాయి. ఇవి తక్కువగా ఉన్నప్పుడు పాత పళ్ళబ్రష్షును సబ్బునీటిలో ముంచి రుద్దితే చాలు. ఎక్కువగా ఉన్న కొమ్మను కత్తిరించి కాల్చివేయాలి. తొలకరి వానల తరవాత రాత్రిపూట పెంకుపురుగులు ఆకులను, రేకులను తింటాయి. టార్చితో చూసి ఏరి సబ్బునీటిలో వేయాలి.

ఒక హెచ్చరిక. గులాబి ఆకు అంచున కత్తెరతో కత్తిరించినట్లు నున్నటి అర్ధచంద్రాకారపు ముక్క లేకపోతే కంగారు పడవద్దు. అది ఆకు కత్తిరించే తేనెటీగ పని. ఆ ముక్కను అది తినదు, తన గూడు అమర్చుకోవడానికి తీసుకువెళుతుంది. పూలలో పరాగసంపర్కం చేసే ఈ తేనెటీగకు మందు చల్లకూడదు.

7.4.3 మందార

పిండినల్లి మందారకు ప్రధాన శత్రువు. తెల్లటి మైనపు పొడి కప్పుకొని చిగుళ్ళలో గుత్తులుగా ఉంటుంది. ఒక రకం పిండినల్లి లాలాజలం వల్ల చిగుళ్ళు ముద్దగా ముడుచుకుపోతాయి. పేనుబంక మొగ్గలపై చేరుతుంది. పచ్చదోమ వల్ల ఆకుల అంచులు పసుపుబారి, దొప్పలా ముడుచుకొంటాయి. ఎర్రటి ఒంటిపై నల్లటి మచ్చలతో గుంపులుగా తిరిగే ఎర్రనల్లులు అని కొందరు పొరపాటుగా పిలిచేవి నిజానికి పత్తి గింజల రసం పీల్చే ఎర్రపురుగులు. వాటిని తట్టి సబ్బునీటిలో పడేయవచ్చు.

7.4.4 నందివర్ధనం, గన్నేరు

నందివర్ధనం ఆకులు రాత్రికి రాత్రే మాయమైతే, వేలెడంత లావుగా ఆకుపచ్చగా, తోక దగ్గర చిన్న కొమ్ముతో, మెడ దగ్గర కళ్ళలాంటి నీలి మచ్చలతో ఉన్న గొంగళిపురుగు కోసం చూడండి. కళ్ళలాంటి ఆ మచ్చలు పక్షులను బెదిరించడానికి ఉపయోగపడతాయి. ఇది కుట్టదు. సాధారణంగా ఒక మొక్కకు కొన్నే ఉంటాయి కాబట్టి చేతితో ఏరివేయడమే సరైన పద్ధతి. గన్నేరు చిగుళ్ళపై నిమ్మపండు రంగు పేనుబంక గుంపులుగా చేరుతుంది. గన్నేరు పాలు విషపూరితమైనవి కనుక ఆ చిగుళ్ళను తుంచిన తరవాత చేతులు కడుక్కోవాలి.

7.4.5 బంతి, చామంతి

పొడి వాతావరణంలో, ముఖ్యంగా వేడి పెరిగినప్పుడు బంతిపై ఎర్రనల్లి వస్తుంది. శనగపచ్చ పురుగు బంతి మొగ్గలను, పూలను తొలిచి తింటుంది. చామంతి చిగుళ్ళపై ముదురు గోధుమరంగు, నలుపు రంగు పేనుబంక పడుతుంది. రెండింటి ఆకులపైనా ఆకు తొలిచే ఈగ తెల్లని మెలికల గీతలు గీస్తుంది. గీతలున్న అడుగు ఆకులను తొలిదశలోనే తుంచివేయాలి.

పూలలో దాగే పురుగు ఎంత నష్టం చేయగలదో ఇటీవలి అనుభవం ఒకటి తెలుపుతుంది. 2021లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మిరప తోటలలో నల్ల తామర పురుగు విరుచుకుపడింది. అది మిరప పూల లోపల గుంపులుగా చేరి పూత రాలగొట్టింది. పదేపదే మందులు చల్లినా చాలామంది రైతులకు ఫలితం దక్కలేదు. పువ్వు మడతలలో దాక్కునే పురుగుకు మందు సరిగా తగలదు. పెరటి పూలకూ ఈ పాఠం వర్తిస్తుంది. తామర పురుగులను తొలి మొగ్గల దశలోనే గమనించాలి.

7.5 మిత్ర పురుగులు

తోటలో కనిపించే ప్రతి పురుగూ శత్రువు కాదు. శత్రు పురుగులను తినే పురుగులను పరభక్షకాలు అని, వాటి శరీరంలో గుడ్డు పెట్టి లోపలి నుంచి చంపేవాటిని పరాన్నజీవులు అని అంటారు.

అక్షింతల పురుగులు, వాటి పిల్లపురుగులు పేనుబంకను తింటాయి. పెద్ద పురుగును అందరూ గుర్తుపడతారు కాని, మొసలి పిల్లలా పొడవుగా ఉండే దాని పిల్లపురుగును చూసి చాలామంది భయపడి చంపుతారు. అల్లికరెక్కల పురుగు సన్నని దారం చివర ఒక్కొక్క గుడ్డు పెడుతుంది. దాని పిల్లపురుగులు పేనుబంకను, తెల్లదోమ పిల్లలను తింటాయి. సిర్ఫిడ్ ఈగ పిల్లలు కూడా పేనుబంకను తింటాయి.

గుర్తింపులో అన్నిటికన్నా కష్టమైనది క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు. ఆస్ట్రేలియాకు చెందిన దీనిని 1898లో భారతదేశానికి తెచ్చారు. దీని పిల్లపురుగు ఒంటినిండా తెల్లటి మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలా ఉంటుంది. తేడా నడకలో తెలుస్తుంది. పిండినల్లి దాదాపు కదలకుండా రసం పీలుస్తుంది. క్రిప్టోలీమస్ పిల్ల దానికన్నా పెద్దది, చురుకుగా తిరుగుతూ పిండినల్లిని తింటుంది. మందు చల్లే ముందు ఐదు నిమిషాలు ఆగి చూస్తే ఈ తేడా కనిపిస్తుంది.

మిత్ర పురుగుల శక్తిని ప్రపంచానికి చాటిన సంఘటన అమెరికాలోని కాలిఫోర్నియాలో జరిగింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక పొలుసు పురుగు అక్కడి నారింజ తోటలను నాశనం చేస్తుండగా, 1888లో దాని పుట్టింటి నుంచే వెడాలియా అనే అక్షింతల పురుగును తెప్పించి వదిలారు. రెండేళ్ళు తిరక్కుండానే పొలుసు పురుగు అదుపులోకి వచ్చింది. జీవ నియంత్రణ అనే శాస్త్రశాఖకు ఇది పునాది అయింది.

7.6 ఒక వాస్తవ ఉదాహరణ: కొబ్బరి తెల్లదోమ

ఇప్పుడు మన ముక్తేశ్వరం పెరడుకు తిరిగి వద్దాం.

2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో కొబ్బరిపై ఒక కొత్త తెల్లదోమను గుర్తించారు. దీనిని సర్పిలాకార తెల్లదోమ అంటారు. శాస్త్రీయ నామం అల్యూరోడికస్ రుగియోపెర్క్యులేటస్. మధ్య అమెరికాలోని బెలీజ్ దేశపు నమూనాల ఆధారంగా 2004లో దీనిని మొదట వర్ణించారు. తరవాత ఇది ఆంధ్రప్రదేశ్‌కు పాకి, నర్సరీలకు పేరుపొందిన కడియం ప్రాంతంలో, కోనసీమ కొబ్బరి తోటలలో కనిపించింది.

ఇది మామూలు తెల్లదోమకన్నా పెద్దది, మందకొడిగా కదులుతుంది. తల్లిపురుగు ఆకు అడుగున చుట్లు చుట్లుగా గుడ్లు పెట్టి తెల్లటి మైనపు పొడితో కప్పుతుంది. పిల్లపురుగులు రసం పీల్చి ధారాళంగా జిగురు వదులుతాయి. ఆ జిగురు కింద ఉన్న ఆకులపై పడుతుంది. కొబ్బరితోపాటు అరటి, జామ, సీతాఫలం, మెట్టతామర, హెలికోనియా వంటి మొక్కలపైనా ఇది జీవిస్తుంది.

ఇప్పుడు మందారపై మసి ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలరు. మందార ఆకులను తిప్పి చూస్తే అడుగున తెల్లదోమ లేదు. తల పైకెత్తితే కొబ్బరి మట్టల అడుగున తెల్లటి చుట్లు ఉన్నాయి. జిగురు పైనుంచి పడింది, దానిపై శిలీంధ్రం పెరిగింది. ఇంటాయన చల్లిన మందు శిలీంధ్రంపై పనిచేసేది కాదు. జిగురు పుట్టే చోటికి అది చేరనూ లేదు. కాని మందారపై తిరుగుతున్న అక్షింతల పురుగులను మాత్రం చంపింది. ఒంటిపై మైనపు పొర ఉన్న పిండినల్లి చాలావరకు మందు నుంచి తప్పించుకొంది. తినేవారు లేకపోవడంతో అదుపు లేకుండా పెరిగింది.

ఇందులో నష్టపోయిన మిత్రుడు మరొకటి ఉండవచ్చు. ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే అతిచిన్న కందిరీగ జాతి పరాన్నజీవి ఈ తెల్లదోమ పిల్లపురుగులలో గుడ్లు పెడుతుంది. పరాన్నజీవి సోకిన పిల్లపురుగు నల్లబడుతుంది. కందిరీగ బయటికి వచ్చాక గుండ్రని రంధ్రం మిగులుతుంది. కొబ్బరి, అరటి ఆకుల అడుగున ఇలాంటి నల్లటి పిల్లపురుగులు కనిపిస్తే అది శుభసూచకం. విష మందులు విచ్చలవిడిగా చల్లితే తెల్లదోమ కన్నా ముందు ఈ కందిరీగలు చనిపోతాయి.

ముక్తేశ్వరానికి చేరువలోనే ఉన్న అంబాజీపేటలో డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన ఉద్యాన పరిశోధనా స్థానం ఉంది. తెల్లదోమపై ఐసేరియా ఫ్యూమోసోరోసియా అనే, కీటకాలకు రోగం కలిగించే శిలీంధ్రాన్ని, అల్లికరెక్కల పురుగును అక్కడి ప్రయోగశాలలో ఉత్పత్తి చేసి రైతులకు అందించారు. ఐసేరియా పొడిని లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున కలిపి, ఆకు అడుగు భాగం తడిసేలా సాయంత్రం వేళ చల్లుతారు. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే శిలీంధ్రం బాగా పనిచేస్తుంది.

పెరటి యజమాని చేయవలసింది ఇంతే: అందే ఎత్తులోని కొబ్బరి, అరటి ఆకుల అడుగు భాగాన్ని నీటి ధారతో కడగాలి. పసుపు రంగు జిగురు అట్టలు కట్టాలి. మందారపై మసి పోవడానికి లీటరు నీటికి 10 గ్రాముల గంజిపొడిని ఉడికించి, చల్లార్చి, వడగట్టి చల్లాలి. గంజి ఎండి పెచ్చులుగా ఊడేటప్పుడు మసి కూడా దానితో రాలిపోతుంది. నల్లటి పిల్లపురుగులున్న ఆకులను కోసి కాల్చకూడదు. పరాన్నజీవులు లేని చెట్టు దగ్గర వాటిని ఉంచితే కందిరీగలు అక్కడికీ వ్యాపిస్తాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – II
3. పిండినల్లికి, క్రిప్టోలీమస్ పిల్లపురుగుకు తేడా ఎలా తెలుస్తుంది?
4. తెల్లదోమ పిల్లపురుగులు నల్లబడి ఉంటే దాని అర్థం ఏమిటి?

7.7 నివారణలో అనుసరించవలసిన క్రమం

కింది మెట్లను వరసగా అనుసరించండి. ఒక మెట్టు చాలినప్పుడు తరవాతి మెట్టుకు వెళ్ళవలసిన పని లేదు.

మొదటి మెట్టు – రాకుండా చూడడం: నర్సరీ నుంచి తెచ్చిన కొత్త మొక్కను రెండు వారాలపాటు మిగిలిన మొక్కలకు దూరంగా ఉంచి, ఆకుల అడుగున పరిశీలించాలి. సర్పిలాకార తెల్లదోమ వంటి కీటకాలు మొక్కల రవాణా ద్వారానే దూరప్రాంతాలకు చేరతాయి. నత్రజని ఎరువు ఎక్కువైతే లేత చిగుళ్ళు విపరీతంగా వచ్చి రసం పీల్చే పురుగులను ఆకర్షిస్తాయి. కాబట్టి యూరియాను మితంగా వాడాలి.

రెండవ మెట్టు – చేతితో, నీటితో: ఏరివేయడం, కత్తిరించడం, నీటి ధారతో కడగడం. పేనుబంక, ఎర్రనల్లి మొదటి దశలో ఉన్నప్పుడు మూడు నాలుగు రోజులకొకసారి నీటితో కొడితే చాలావరకు తగ్గుతాయి. చీమలు ఎక్కకుండా కుండీలను నీళ్ళ పళ్ళెంలో పెట్టిన ఇటుకలపై ఉంచవచ్చు. ఆ నీటిని రెండు మూడు రోజులకొకసారి మార్చాలి. లేకపోతే దోమలు పెరుగుతాయి.

మూడవ మెట్టు – ఎరలు, అట్టలు: తెల్లదోమ, పేనుబంకలకు పసుపు రంగు, తామర పురుగులకు నీలం రంగు జిగురు అట్టలు వాడాలి.

నాలుగవ మెట్టు – వేప, సబ్బు, జీవ సంబంధ మందులు: లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, అది నీటిలో కలవడానికి ఒక గ్రాము సబ్బుపొడి చేర్చి చల్లాలి. లేదా లీటరుకు 50 గ్రాముల వేపగింజల పప్పును దంచి, రాత్రంతా నానబెట్టి, వడగట్టి వాడాలి. ముందుగా రెండు మూడు ఆకులపై చల్లి, మరునాడు మాడలేదని నిర్ధారించుకోవాలి. గొంగళిపురుగులకు బి.టి., ఎర్రనల్లికి లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం వాడవచ్చు. మండుటెండలో గంధకం చల్లితే ఆకులు మాడతాయి. వేపనూనె చల్లిన వెంటనే కూడా గంధకం చల్లకూడదు.

ఐదవ మెట్టు – రసాయన మందులు: పై మెట్లన్నీ అయ్యాక కూడా మొగ్గలపై నష్టం ఆగకపోతేనే, కీటకం పేరు నిర్ధారించుకొని, ఉద్యాన శాఖ సిబ్బంది సలహాతో, ఆ కీటకానికి సిఫారసు చేసిన మందును మాత్రమే వాడాలి. ఒకే మందును పదేపదే వాడితే కీటకాలలో దానిని తట్టుకొనే శక్తి పెరుగుతుంది.

7.8 మందు చల్లేటప్పుడు జాగ్రత్తలు

మన దేశంలో పురుగుమందుల తయారీ, అమ్మకాలను 1968 నాటి కీటకనాశినుల చట్టం నియంత్రిస్తుంది. మందు డబ్బాపై ఉన్న త్రికోణపు రంగు దాని విష తీవ్రతను తెలుపుతుంది. ఎరుపు అత్యంత విషపూరితం, ఆ తరవాత క్రమంగా పసుపు, నీలం, ఆకుపచ్చ. పిల్లలు ఆడుకునే పెరట్లో ఎరుపు, పసుపు త్రికోణాల మందులను దరిచేరనీయకూడదు.

• పూలు కోసిన తరవాతే చల్లండి. పూలు తలలో పెట్టుకుంటారు, ముక్కు దగ్గర పెట్టి వాసన చూస్తారు, మందార రేకులను కొందరు తలనూనెలో కాస్తారు.
• తేనెటీగలు తిరగని సాయంత్రం వేళ చల్లండి.
• ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు, నిండు చేతుల చొక్కా ధరించండి. గాలికి ఎదురుగా చల్లవద్దు.
• మందును తాగునీటి సీసాలలో, వంటింటి డబ్బాలలో పోసి ఉంచవద్దు.
• పంపును పంటకాలువలో గాని, గోదావరి రేవులో గాని కడగవద్దు. నీటిలోని చేపలకు, తాగే పశువులకు ప్రమాదం.
• మందు కళ్ళలో పడినా, మింగినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. డబ్బాను కూడా తీసుకువెళితే వైద్యుడికి ఏ విషమో తెలుస్తుంది.

7.9 సారాంశం

పూలమొక్కలపై కీటకాలను నష్టపు లక్షణాలను బట్టి కొరికేవి, పీల్చేవి, గీకేవి, లోపల ఉండి తినేవి అని వర్గీకరించవచ్చు. నల్లులు కీటకాలు కావు. వాటికి వేరే మందు కావాలి. ఒకేలా కనిపించే లక్షణాలకు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. మల్లె మొగ్గ ఊదారంగుకు తిరగడం, మందార ఆకు నల్లబడడం ఇందుకు ఉదాహరణలు. మిత్ర పురుగులు శత్రువుల్లా కనిపించవచ్చు. కోనసీమ పెరటిలో పూలమొక్కను దాని పైనున్న కొబ్బరితో, పక్కనున్న అరటితో కలిపి చూడాలి. గుర్తించకుండా చల్లిన మందు సమస్యను తీర్చకపోగా కొత్త సమస్యను తెస్తుంది. అందువల్ల ముందు పరిశీలన, తరవాత చేతిపని, ఆ తరవాత వేప, జీవ సంబంధ మందులు, చివరిగా మాత్రమే రసాయనాలు.

7.10 ముఖ్యపదాలు

మసి తెగులు: రసం పీల్చే పురుగులు వదిలిన జిగురుపై పెరిగే నల్లటి శిలీంధ్రం.
పరభక్షకం: ఇతర కీటకాలను పట్టి తినే జీవి.
పరాన్నజీవి: మరొక కీటకంపై గాని, దాని శరీరంలో గాని పెరిగి దానిని చంపే కీటకం.
కోశస్థ దశ: పిల్లపురుగు రెక్కల పురుగుగా మారడానికి ముందు కదలకుండా ఉండే దశ.
జీవ నియంత్రణ: శత్రు పురుగులను వాటి సహజ శత్రువులతో అదుపు చేయడం.

7.11 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు

1. జిగురు వదిలే పురుగుల కోసం. ముందు అదే ఆకు అడుగున, తరవాత ఆ మొక్కకు పైన ఉన్న చెట్టుపై వెతకాలి.
2. దానికి ఎనిమిది కాళ్ళు ఉంటాయి, అది సాలీడు వర్గానికి చెందింది. కీటకాలకు ఆరు కాళ్ళే ఉంటాయి.
3. క్రిప్టోలీమస్ పిల్ల పెద్దదిగా ఉండి చురుకుగా తిరుగుతుంది. పిండినల్లి దాదాపు కదలదు.
4. వాటిలో ఎన్‌కార్సియా పరాన్నజీవి పెరుగుతోందని. ఆ ఆకులను కాపాడాలి.

7.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కీటకాల నోటి నిర్మాణానికి, మొక్కపై కనిపించే నష్టానికి గల సంబంధాన్ని ఉదాహరణలతో వివరించండి.
2. సర్పిలాకార తెల్లదోమ పెరటి పూలమొక్కలపై చూపే ప్రభావాన్ని, దాని నివారణను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
3. మల్లెలో మొగ్గ తొలిచే పురుగును, మొగ్గ ఈగను వేరుచేసే లక్షణాలను తెలపండి.
4. పెరటి తోటలో మందు చల్లేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏమిటి?

III. చేసి చూడండి.
5. మీ ఇంటి పెరటిలో గాని, మీ ఊరి గుడి తోటలో గాని ఒక పూలమొక్కను ఎంచుకొని నాలుగు వారాలపాటు వారానికి రెండుసార్లు పరిశీలించండి. కనిపించిన శత్రు, మిత్ర పురుగులను, చీమలను, నష్టపు లక్షణాలను తేదీలవారీగా నమోదు చేయండి. మందు చల్లవలసిన అవసరం ఉందో లేదో కారణాలతో రాయండి.